ఆటపాకను గూగుల్ ఎలా గుర్తుపడుతుంది?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పుడు కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు కృష్ణా జిల్లా నుంచి విడివడి ఏలూరు జిల్లాలో కలిశాయి. కైకలూరును ఆనుకుని ఉన్న ఆటపాక పక్షుల కేంద్రం కూడా వాటితోపాటే వచ్చేసింది. అప్పటిదాకా పశ్చిమ గోదావరికి జిల్లా కేంద్రంగా ఉన్న ఏలూరు తన పేరుతోనే జిల్లా అయింది. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరానికి వెళ్లింది. తాడేపల్లిగూడెం మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది.

మనుషులకు ఇదేమంత చిక్కు కాదు. తెలియకపోతే పక్కవాళ్లను అడుగుతారు. వెబ్ పేజీల సంగతి అలా కాదు. ఆ తేదీకి ముందు రాసిన పేజీల్లో ‘ఆటపాక, కృష్ణా జిల్లా’ అనో, ‘ఏలూరు, పశ్చిమ గోదావరి’ అనో ఉంటే, ఎవరైనా పనిగట్టుకుని దిద్దేదాకా అలాగే ఉంటుంది. సెర్చ్ ఇంజిన్ ఆ పేజీని చదివి, దాన్నే నిజమనుకుంటుంది. తర్వాత వచ్చిన పేజీలు మరో మాట చెబుతాయి. రెంటిలో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి దానికి ఆధారాలు కావాలి. పేజీ తన గురించి తాను యంత్రానికి చెప్పుకునే వివరాలు అలాంటి ఆధారాల్లో ముఖ్యమైనవి. వీటినే మెటాడేటా అంటారు. పేజీ పేరు, దాని సారం, ఏ భాషలో ఉంది, ఏ ఊరి గురించి, ఎప్పుడు రాశారు, ఫొటోలో ఏముంది... ఇవన్నీ అందులోకే వస్తాయి. కొన్ని తెర మీద కనబడతాయి, కొన్ని పేజీ వెనక కోడ్‌లో ఉండిపోతాయి.

‘మెటాడేటా మారిస్తే చాలు, గూగుల్‌లో మొదటి పేజీలోకి వచ్చేస్తాం’ అని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు. అది అయ్యే పని కాదు. అలాగని మెటాడేటాతో పని లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలియాలంటే సెర్చ్ ఇంజిన్ లోపల జరిగేదేమిటో కాస్త చూడాలి.

మనం ఏదైనా వెతికినప్పుడు గూగుల్ అప్పటికప్పుడు ప్రపంచంలోని పేజీలన్నీ తిరిగి రాదు. దాని ప్రోగ్రాములు ముందే లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి వెళ్తూ, చదివినదాన్ని ఒక సూచికలో చేర్చుకుంటాయి. ఆ సూచికలో ప్రతి మాటకూ ఎదురుగా, ఆ మాట ఉన్న పేజీల జాబితా ఉంటుంది. మీరు ‘ఆటపాక పక్షులు’ అని కొడితే ఆ రెండు మాటల జాబితాలూ తీసి, రెంటిలోనూ ఉన్న పేజీలను ముందు పట్టుకుంటుంది. ఆ తర్వాతే వాటిలో ఏది పైన, ఏది కింద అన్న లెక్క మొదలవుతుంది.

ఈ లెక్కలో అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. 1972లో బ్రిటిష్ శాస్త్రవేత్త కేరెన్ స్పార్క్ జోన్స్ ఒక చక్కటి సంగతి చెప్పారు: ఎక్కువ పత్రాల్లో కనబడే మాట ఏ పత్రాన్నీ ప్రత్యేకంగా పట్టి ఇవ్వదు, అరుదుగా కనబడే మాటే పట్టి ఇస్తుంది. లక్ష పేజీల సూచిక ఉందనుకుందాం. అందులో ‘చేపలు’ అన్న మాట పదివేల పేజీల్లో, ‘ఆటపాక’ పది పేజీల్లో ఉన్నాయనుకుందాం. లక్షను పదివేలతో భాగిస్తే 10, దాని లాగరిథమ్ 1. లక్షను పదితో భాగిస్తే 10,000, దాని లాగరిథమ్ 4. అంటే ఈ కొలతలో ‘ఆటపాక’ బరువు ‘చేపలు’కు నాలుగింతలు. ఇవాళ్టి సెర్చ్ ఇంజిన్లు ఇంకా ఎన్నో లెక్కలు కలుపుతాయి గాని, ఈ సూత్రం ఇంకా బతికే ఉంది. చిన్న ఊళ్లకు ఇది మంచి కబురు. ‘చేపల చెరువులు’ అన్న మాట మీద దేశమంతటితో పోటీ పడాలి. ‘ఆలపాడు చేపల చెరువులు’ అంటే పోటీ కొద్దిమందితోనే. ఊరి పేరు పేజీలో సరిగ్గా, కనబడాల్సిన చోట కనబడాలి, అంతే.

కనబడాల్సిన చోట్లలో మొదటిది టైటిల్. ఏలూరు బస్టాండులో నిలబడ్డవాళ్లు ముందు బస్సు నెత్తిన ఉన్న బోర్డు చూస్తారు. ‘కైకలూరు’ అని ఉంటే ఎక్కుతారు. ఉత్త ‘ఆర్టీసీ’ అని ఉంటే, బస్సు ఎంత బాగున్నా ఎవరూ ఎక్కరు. పేజీకి టైటిల్ ట్యాగ్ ఆ బోర్డు. ర్యాంకు మీద నేరుగా ప్రభావం చూపే మెటాడేటా ఏదైనా ఉందంటే ప్రధానంగా ఇదే. అయినా చిన్న సంస్థల పేజీలకు ‘హోమ్’, ‘స్వాగతం’, ‘మా గురించి’ అన్న టైటిళ్లు తరచూ కనబడుతుంటాయి.

ఆటపాకలో బోటు షికారు గురించి ఎవరో ఒక పేజీ పెట్టి, దానికి ‘స్వాగతం’ అని టైటిల్ పెట్టారనుకుందాం. దాన్ని ఇలా మార్చవచ్చు: ‘ఆటపాక పక్షుల కేంద్రం: బోటు షికారు వేళలు, దారి – కైకలూరు, ఏలూరు జిల్లా’. ఇందులో ఒక్కో మాటకూ ఒక్కో పని ఉంది. ‘ఆటపాక’ అరుదైన మాట, అందుకే ముందుంది. ఫోన్ తెర మీద టైటిల్ చివర కత్తిరించుకుపోవచ్చు, తెలుగు అక్షరాలు వత్తులూ గుణింతాలతో చోటు ఎక్కువ తీసుకుంటాయి కూడా. కాబట్టి ముఖ్యమైన మాట ఎప్పుడూ మొదట్లోనే ఉండాలి. ‘బోటు షికారు’ జనం వాడే మాట. ‘నౌకా విహారం’ అని రాస్తే చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గాని అలా వెతికేవాళ్లు తక్కువ. ‘కైకలూరు’ ఎందుకంటే బయటివాళ్లకు తెలిసిన పెద్ద ఊరు అదే. ‘ఏలూరు జిల్లా’ అన్నది పాత పేజీలన్నిటికీ ఒక దిద్దుబాటు. జిల్లా హద్దులు మళ్లీ మారిన రోజున ఆ మాటా మార్చాలి.

టైటిల్ ఏం పెట్టినా గూగుల్ దాన్నే చూపాలని నియమమేమీ లేదు. పేజీలో ఉన్నదానికీ టైటిల్‌కీ పొంతన లేదనిపిస్తే, లోపలి శీర్షిక తీసుకుని తానే ఇంకోటి రాసుకుంటుంది. 2021లో ఈ పద్ధతి మార్చినప్పుడు, పేజీవాళ్లు ఇచ్చిన టైటిల్‌ను సుమారు 87 శాతం సందర్భాల్లో వాడుతున్నామని గూగుల్ ప్రకటించింది. నిజం చెప్పే టైటిల్‌కు నిలిచే అవకాశం ఎక్కువన్నమాట.

టైటిల్ తర్వాత డిస్క్రిప్షన్. ఫలితాల్లో టైటిల్ కింద కనబడే రెండు ముక్కలు కొన్నిసార్లు దీన్నుంచే వస్తాయి. ర్యాంకు లెక్కలో దీన్ని వాడబోమని గూగుల్ ఎప్పుడో చెప్పేసింది. అయినా రాయాలి, ఎందుకంటే అది యంత్రం కోసం కాదు, మనిషి కోసం. ‘శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకునే ఆటపాకకు కైకలూరు నుంచి ఎలా వెళ్లాలి, బోటు ఎప్పుడు నడుస్తుంది, టికెట్టు ఎక్కడ తీసుకోవాలి’ అని ఉంటే, హైదరాబాదు నుంచి పిల్లల్ని తీసుకుని బయలుదేరేవాళ్లు పైన ఉన్న రెండు ఫలితాలు దాటుకుని వచ్చి దీన్ని నొక్కుతారు. అయితే డిస్క్రిప్షన్‌లో చెప్పిన బోటు వేళలు పేజీలో నిజంగా ఉండాలి. లేకపోతే వచ్చినవాళ్లు అప్పుడే వెనక్కి పోతారు.

ఇక పేజీకి సంబంధించిన మాటలను కోడ్‌లో వరసగా ఇచ్చే కీవర్డ్స్ ట్యాగ్. ‘కీవర్డ్స్ పెట్టిస్తాం’ అని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి దీని కథ తెలుసుకోవడం మంచిది. 1990ల మధ్యలో ఆల్టావిస్టా లాంటి తొలితరం సెర్చ్ ఇంజిన్లు పేజీ తన గురించి చెప్పుకున్నదాన్ని చాలావరకు నమ్మేవి. పేజీవాళ్లు ఆ నమ్మకాన్ని వాడుకున్నారు. పేజీకి సంబంధం లేని మాటలన్నీ ఆ ట్యాగ్‌లో కుక్కారు, తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాట వందసార్లు రాశారు. ఫలితంగా ఆ ట్యాగ్ విలువే పోయింది. వెబ్ ర్యాంకింగ్‌లో కీవర్డ్స్ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగా చెప్పింది. రొయ్య పిల్లలు అమ్మే సైటులో భీమవరం, ఆకివీడు, కైకలూరు, ఏలూరు, నరసాపురం అని పేర్లన్నీ వరసగా కోడ్‌లో పేర్చినందువల్ల ఇవాళ ఒరిగేదేమీ లేదు. తెర మీద అదే పని చేస్తే నష్టం కూడా, దాన్ని స్పామ్ కింద లెక్కగడతారు.

పేజీ చెప్పుకున్నది నమ్మలేనప్పుడు ఏం చేయాలి? 1998లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గే బ్రిన్ రాసిన పత్రంలోని కీలకమైన ఆలోచన ఇదే: ఆ పేజీ గురించి ఇతరులు ఏమంటున్నారో చూడాలి. ఒక పేజీకి ఎక్కడెక్కడి నుంచి లింకులు వస్తున్నాయన్నది ఒక కొలత. ఆ లింకు మీద రాసిన మాటలేమిటన్నది ఇంకో కొలత. జిల్లా వెబ్‌సైట్ నుంచో, ఒక కాలేజీ నుంచో ఆటపాక పేజీకి లింకు ఇస్తూ ‘ఇక్కడ నొక్కండి’ అంటే యంత్రానికి ఏమీ తెలియదు. ‘ఆటపాక పక్షుల కేంద్రం’ అన్న మాటల మీదే లింకు ఇస్తే, ఆ పేజీకి పరాయివాళ్లు పెట్టిన పేరు అవుతుంది. ఈ మెటాడేటా మన చేతుల్లో ఉండేది కాదు, అందుకే దాని విలువ ఎక్కువ.

ఆటపాక ఉన్న కొల్లేరు సరస్సు దగ్గరికి వచ్చేసరికి మరో ఇబ్బంది ఉంది. కొల్లేరంటే ఒకే విషయం కాదు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును బట్టి గీసిన హద్దు) దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించిన అభయారణ్యం ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా 2002 ఆగస్టులో వచ్చిన రామ్‌సర్ గుర్తింపు ఉంది. ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేసిన 2005–06 నాటి చరిత్ర ఉంది. సరస్సులోకి నీళ్లు తెచ్చే బుడమేరు, తమ్మిలేరు ఉన్నాయి, అవతల సముద్రంలోకి నీళ్లు తీసుకుపోయే ఉప్పుటేరు ఉంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. పోటీ పరీక్షలకు చదివే కుర్రాడికి రామ్‌సర్ కావాలి, లంక గ్రామాల రైతుకు కాంటూరు హద్దు కావాలి, భక్తులకు జాతర తేదీలు కావాలి. వీళ్లందరి కోసం ‘కొల్లేరు సరస్సు’ అన్న ఒకే టైటిల్‌తో ఒకే పొడుగాటి పేజీ పెడితే ఎవరికీ దొరకదు. విషయానికొక పేజీ, పేజీకొక సొంత టైటిల్ ఉండాలి. సైటులో ఉన్న నలభై పేజీలకూ ఒకే టైటిల్ పెట్టడం వల్ల జరిగే నష్టం, టైటిల్ లేకపోవడం కన్నా పెద్ద తక్కువేమీ కాదు.

పైగా తెలుగు మాట విభక్తితో రూపం మార్చుకుంటుంది. కొల్లేరు అన్నవాళ్లే ‘కొల్లేటి చేపలు’, ‘కొల్లేట్లో పక్షులు’ అంటారు. మనకు ఇవన్నీ ఒకటే. అక్షరాలు పోల్చి చూసే యంత్రానికి మాత్రం ‘కొల్లేరు’, ‘కొల్లేటి’ మొదటి రెండక్షరాల తర్వాత వేరైపోయే రెండు మాటలు. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఇలాంటి రూపాలను కలుపుకోవడం కొంత నేర్చుకున్నాయి. సైట్లలో ఉండే చిన్న వెతుకుడు పెట్టెలకు ఆ శక్తి ఉండకపోవచ్చు. అందుకని టైటిల్‌లో ‘కొల్లేరు’ అని మూలరూపం ఉంచి, కింది వాక్యాల్లో ‘కొల్లేటి’ సహజంగా వచ్చేలా రాయడం మంచిది. ఇంగ్లిషు లిపిలో వెతికేవాళ్ల కోసం ఇంగ్లిషు పేజీ విడిగా ఉంటే, అది దీనికి జంట అని చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తు 2011 నుంచి ఉంది.

ఇంకా లోపలికి వెళ్తే అక్షరాల దగ్గరే చిక్కు మొదలవుతుంది. కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు ఉన్నాయి. ‘కైకలూరు’ మొదటి అక్షరం చూడండి. అందులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐ గుర్తు అని రెండు సంకేతాలుగా రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి, లోపల మాత్రం వేరు. యూనికోడ్ నియమం ప్రకారం ఈ రెండూ సమానమే, కాని ఆ సమానత్వాన్ని ప్రోగ్రాము రాసినవాళ్లు అమలు చేయాలి. ‘ఎన్‌ఐటీ’ అని రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు కొందరి కీబోర్డు చేరుస్తుంది, కొందరిది చేర్చదు. చూడ్డానికి తేడా ఉండదు, సంకేతాలు లెక్కపెడితే ఒకదానిలో ఏడు, ఇంకోదానిలో ఆరు. పేజీ చిరునామాలో తెలుగు వాడితే ఇంకో సంగతి: ‘కొల్లేరు’లో ఎనిమిది సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు మూడు గుర్తుల చొప్పున 72 గుర్తులు. వాట్సాప్‌లో తెలుగు లింకు అతికించినప్పుడు శాతం గుర్తులతో చాంతాడంత పొడుగు వచ్చేది అందుకే. తెలుగు చిరునామా ర్యాంకును చెడగొట్టదు, ఆ భయం అక్కర్లేదు.

చెడగొట్టేది ఫాంటు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటిలో కొట్టిన ‘కొల్లేటికోట జాతర’ మనకు తెలుగులాగే కనబడుతుంది, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల కుప్ప. యూనికోడ్ అలవాటు కాని రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. అలా రాసిన ఎన్నో వార్తలు ఏ సూచికలోకీ సరిగ్గా ఎక్కలేదు. ఇవాళ కూడా ఆ ఫాంటుతో పత్రం తయారుచేసి, దాన్ని పీడీఎఫ్‌గానో ఫొటోగానో మార్చి సైటులో పెట్టేస్తున్నారు. నన్ను బాధపెట్టే సంగతి ఇది. రాసినవాళ్లు కష్టపడి రాశారు, విషయం తెలుగులోనే ఉంది, కావలసినవాళ్లూ ఉన్నారు, అయినా మధ్యలో దారి లేదు. అదే విషయాన్ని యూనికోడ్‌లోకి మార్చి మామూలు పాఠంగా పెట్టడం అన్ని ట్యాగులకన్నా ముందు చేయాల్సిన పని. ఫొటో తప్పనిసరైతే దానికి ఆల్ట్ టెక్స్ట్ రాయాలి. ‘ఫొటో 1’ అని కాకుండా ‘ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు’ అని రాస్తే సెర్చ్ ఇంజిన్‌కు అర్థమవుతుంది. చూపులేనివారికి ఫోన్ ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తుంది, అది ర్యాంకుకన్నా విలువైన ఉపయోగం.

తాడేపల్లిగూడెం సమస్య వేరు. గుంటూరు జిల్లాలో, విజయవాడకు కృష్ణ అవతల, తాడేపల్లి ఉంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం ఉంది. మాటను విడదీసి ‘తాడేపల్లి గూడెం’ అని రాస్తే సెర్చ్ ఇంజిన్ తాడేపల్లి వైపు మొగ్గే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల జనం ‘గూడెం’ అని ఊరుకుంటారు, కాని గూడేలు రాష్ట్రమంతా ఉన్నాయి. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఎన్‌ఐటీ పేరులో ‘ఆంధ్రప్రదేశ్’ ఉంది, ఊరు పేరు లేదు. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో ఒక పేరుతో మొదలై, తర్వాత డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టుకుంది. పాత పేరుతో వెతికేవాళ్లు ఇంకా ఉంటారు.

ఇలాంటి చోట వాక్యాలతో కాకుండా గళ్లలో నింపినట్టు వివరాలు ఇచ్చే పద్ధతి ఒకటుంది. 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా.ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలం మొదలుపెట్టాయి. దాని ప్రకారం పేజీ కోడ్‌లో ‘ఇది విశ్వవిద్యాలయం, అసలు పేరు ఇది, మరో పేరు ఇది, ఊరు తాడేపల్లిగూడెం, పిన్ కోడ్ 534101’ అని విడివిడిగా చెప్పవచ్చు. తాడేపల్లి పిన్ 522501. ఆరంకెలు చాలు, రెండు ఊళ్ల మధ్య తికమక తీరడానికి. సరస్సుకు కూడా ఒక రకం ఉంది, దాంట్లో అక్షాంశ రేఖాంశాలు ఇవ్వవచ్చు. కొల్లేరైతే సుమారు 16.65 ఉత్తరం, 81.2 తూర్పు. ఈ గళ్లు నింపినంత మాత్రాన ర్యాంకు పెరగదని గూగుల్ స్పష్టంగానే చెబుతోంది. చేసే మేలల్లా, ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చడం.

తెలుగు వికీపీడియా ఈ పనిని కోడ్ తెలియని పాఠకుడికి కూడా అర్థమయ్యేలా చేస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒకే పేరున్న ఊళ్లను విడదీసే పేజీలను ‘అయోమయ నివృత్తి’ అంటారు. ఒక పేరుతో వచ్చినవాళ్లను సరైన పేజీకి పంపేదాన్ని ‘దారిమార్పు’ అంటారు. పాత ఇంగ్లిషు రికార్డుల్లో ఏలూరును ‘ఎల్లోర్’ (Ellore) అన్న వర్ణక్రమంతో రాశారు. ఏలూరు తివాచీల చరిత్ర తవ్వేవాళ్లకు విదేశీ గ్రంథాలయాల్లో ఆ పాత పేరు మీదే ఎక్కువ దొరుకుతుంది. మన పేజీల్లో ఆ పేరు ఒక్కసారైనా రాసిపెడితే రెండు దారులూ కలుస్తాయి.

తేదీ గురించి ఒక మాట. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛ, తల తిరుగుడుతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ వార్తను తేదీ లేకుండా చదివితే ఇవాళ జరిగినట్టే ఉంటుంది, గుండె గుభేలుమంటుంది. ప్రచురించిన తేదీ, దిద్దిన తేదీ పేజీ మీదా కోడ్‌లోనూ ఒకేలా ఉంటే ఫలితాల్లో అది కనబడే అవకాశం ఉంటుంది. వెతికేవాళ్లు పాత సంగతి అని గ్రహిస్తారు. ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే కొత్తది వేయడం మాత్రం చేయకూడదు. గూగుల్ వద్దంటుంది, అంతకుమించి అది చదివేవాళ్లను మోసగించడం.

ఇవన్నీ చేశాక ఫలితం ఉందో లేదో తెలుసుకోవడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా దొరుకుతుంది. ముందు అందులో పేజీ సూచికలోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి. సైటు తయారుచేసేటప్పుడు ‘దీన్ని సూచికలో చేర్చవద్దు’ అని పెట్టిన నోఇండెక్స్ గుర్తు తీయడం మర్చిపోతే, మిగతా శ్రమంతా వృథా. తర్వాత చూడాల్సింది, ఏ మాటలు కొట్టినవాళ్లకు మన పేజీ కనబడింది, వాళ్లలో ఎందరు నొక్కారు అన్న పట్టిక. కనబడటం ఎక్కువ, నొక్కడం తక్కువ అయితే టైటిల్, డిస్క్రిప్షన్ తిరగరాయాలి. మనం ‘పక్షుల కేంద్రం’ అని రాస్తే జనం ‘పక్షుల సంరక్షణ కేంద్రం’ అని వెతుకుతున్నారేమో ఆ పట్టికే చెబుతుంది. దిద్దిన పేజీని గూగుల్ మళ్లీ వచ్చి చదవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా రోజుకో టైటిల్ మార్చకుండా, కైకలూరు వైపు కాలేజీలనూ జిల్లా సైటువాళ్లనూ అడిగి, ఆ పేజీకి సరైన పేరుతో ఒక్కో లింకు సంపాదించుకోవడం మేలు.